నల్ల పోగు

మా నాన్న నేసే ప్రతి దుప్పటి అంచులోనూ ఒక నల్ల పోగు ఉంటుంది. పసిబిడ్డ బుగ్గన చుక్క పెట్టినట్టే, బట్టకు దిష్టి తగలకుండా. మంగళగిరిలో అందరూ అలా నేస్తారని చెప్పను. అది తాత నుంచి వచ్చిన మా ఇంటి అలవాటు. మా నేతగాళ్ళ సంఘం దుప్పట్లు ప్రభుత్వ హాస్టళ్ళకు వెళ్ళేవి. తనిఖీకి వచ్చే అధికారి బట్టను వేళ్ళతో నలిపి చూసి, ఆ పోగు దగ్గర ఆగి, "ఇది మీదేగా పెద్దాయనా?" అని నవ్వేవాడు. నాన్న ఆ మాటను వారం రోజులు చెప్పుకునేవాడు.

తర్వాత కొనుగోలు నిబంధనలు మారాయి. సీలు వేసిన టెండరు కవర్లు పోయి అంతా కంప్యూటర్లోకి వచ్చింది. సంఘం కాగితాలు చూసేది నేనే కాబట్టి గుంటూరులో పెట్టిన శిక్షణకు నన్నే పంపారు. డిజిటల్ సంతకం తీసుకున్నాను. ధ్రువపత్రాలన్నీ స్కాన్ చేసి, గడువుకు వారం ముందే సిద్ధంగా కూర్చున్నాను. నా అంత జాగ్రత్త మనిషి జిల్లాలోనే లేదనుకున్నాను. ఆ పొగరే కొంప ముంచింది.

కొత్త నిబంధనల్లో ఒకటుంది. నమూనాను పేరు తెలియకుండా పరీక్షకు పంపుతారు, అది ఎవరిదో తెలిపే గుర్తేదీ దాని మీద ఉండకూడదు. చదవగానే సంఘం చీటీ ఊడదీశాను. ముద్ర పడిందని ఒక దుప్పటిని పక్కన పెట్టి నాన్న చేత ఇంకొకటి నేయించాను. దాన్ని నా చేతులతోనే మడత పెట్టాను. నల్ల పోగు నా కంటికి ఆనలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని గుర్తు అని ఎవరనుకుంటారు?

తిరస్కరించినట్టు తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: నమూనా అంచులో గుర్తింపు చిహ్నం ఉంది. ఆఫీసుకు పరిగెత్తాను. "దిష్టంటే నాకు తెలీదాండీ? మా ఇంట్లోనూ తీస్తారు. కానీ రూల్లో ఆ మాట లేదు కదా" అన్నాడు అక్కడి అధికారి. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. నా మీదే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న మగ్గం మీదే ఉన్నాడు. "ఏమైందమ్మా? మన గుడ్డ నచ్చలేదన్నారా?" అన్నాడు.

నిజం చెబితే అందరి నోటి దగ్గర కూడు తానే లాగేశానని కుమిలిపోతాడు. "గుడ్డకేం నాన్నా, బంగారం. ధర దగ్గర పోయింది. ఎవరో మనకంటే తక్కువేశారు" అనేశాను. ఆయన ముఖం తేటపడింది. అబద్ధం ఇంత సులువా అని నాకే భయమేసింది.

ఆర్డరు లేక ఆ ఏడాది సగం మగ్గాలు ఆగిపోయాయి. చేయి తిరిగిన నేతగాళ్ళు ఇద్దరు ప్రత్తిపాడు వైపు మిరపకాయల కోతకు కూలికి వెళ్ళారు. వాళ్ళు ఎదురైతే నేను సందు మార్చి నడిచేదాన్ని. మళ్ళీ టెండరు పడింది. ఈసారైనా నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పాలని మాటలు కూడదీసుకుంటుండగా ఆయనే వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"పోయినసారి ధర దగ్గరేగా దెబ్బ తిన్నాం. అందర్నీ కూర్చోబెట్టి ఒప్పించానమ్మా, కూలి తగ్గించుకుంటామన్నారు. నాది ఇంకాస్త తగ్గించి రాయి" అన్నాడు.

కాగితం కింద అందరి సంతకాలూ, వేలిముద్రలూ ఉన్నాయి.