చెన్నూరు రౌటరుకు ఆయుధపూజ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు కరీంనగర్‌లో సబ్ డివిజనల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ప్రభుత్వ కార్యాలయాల నెట్‌వర్క్ పరికరాలు మా విభాగం కిందే ఉండేవి. దసరా సెలవుల తర్వాత మొదటి పనిదినాన చెన్నూరులో ధ్రువపత్రాలిచ్చే ఒక కార్యాలయంలో లైను లేదని ఫోన్ వచ్చింది. మంచిర్యాలలోని మా మనిషి పండగ నుంచి ఇంకా కోలుకోలేదు. నేనే జీపెక్కాను.

చేరేసరికి మధ్యాహ్నమైంది. వరండాలో దర్జీ ఖాజామియా, ఆయన కూతురు షబానా కూర్చుని ఉన్నారు. అమ్మాయికి నర్సింగ్ సీటు రావాలంటే ఆదాయ ధ్రువపత్రాన్ని ఆ సాయంత్రంలోగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. లైను లేనిదే పత్రం రాదు.

"సార్, జర జల్ది చూడుండ్రి. ఇయ్యాల్నే ఆఖరు," అన్నాడు ఖాజామియా.

"అబ్బా, సార్‌ను లోపటికన్న పోనియ్యి," అంది షబానా.

సెలవుల్లో కరెంటు పోయి రౌటరు ఆగి, మళ్లీ మొదలైంది. చేసిన మార్పుల్ని భద్రపరచకపోతే రౌటరు కరెంటు పోగానే వాటిని మరిచిపోతుంది. ఇదీ మరిచిపోయింది. అలాంటప్పుడు దూరం నుంచి లోపలికి వెళ్లలేం. మిగిలేది కన్సోల్ పోర్టు, అంటే ల్యాప్‌టాప్‌ను నేరుగా తగిలించే చిన్న సాకెట్. పెరటి తలుపు లాంటిది, మరమ్మతులప్పుడు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

వైరు తగిలించి, రెండూ మాట్లాడుకునే వేగం తొమ్మిది వేల ఆరువందలు పెట్టి ఎంటర్ కొట్టాను. తెర నల్లగా ఉండిపోయింది. వేగం తప్పయితే కనీసం పిచ్చి గీతలైనా రావాలి. అవీ లేవు. రౌటరును ఆపి మళ్లీ వేశాను. మొదలయ్యేటప్పుడు ఎవరూ అడగకపోయినా అది తన వివరాలన్నీ చెప్పుకుంటుంది. ఆ రోజు మౌనవ్రతం.

సూపరింటెండెంటు రాజేశం గారు నా భుజం మీదుగా తొంగి చూశారు. "డబ్బాకు లైట్లు మంచిగనే కొడ్తున్నయి కద సార్?"

లైట్లు మంచిగానే కొడుతున్నాయని ఒప్పుకున్నాను.

తర్వాతి పద్ధతి లూప్‌బ్యాక్. ల్యాప్‌టాప్‌కూ కన్సోల్ వైరుకూ మధ్య ఉండే కన్వర్టరు చివర పంపే పిన్నునూ అందుకునే పిన్నునూ పేపర్ క్లిప్పుతో కలిపితే, మనం కొట్టిన అక్షరాలే మనకు తిరిగి రావాలి. వచ్చాయి. అంటే ల్యాప్‌టాప్, కన్వర్టరు బాగున్నాయి. కన్సోల్ వైరు మార్చాను, ఫలితం లేదు. ఇక మిగిలింది సాకెట్ ఒక్కటే. టార్చి వేసి చూశాను. లోపల పసుపు, దాని మధ్యలో కుంకుమ. రెండూ గట్టిగా ఎండి ఉన్నాయి.

రాజేశం గారిని అడిగాను. ఆయన ఏ మాత్రం తడబడలేదు. "ఆయుధపూజ నాడు అన్నిటికి బొట్టు వెట్టినం సార్. మిగతా తొర్రలన్నిట్ల వైర్లున్నయి. గిదొక్కటే ఖాళీగ కనవడ్డది."

అడ్డంకి సరిగ్గా అదే. ఎండిన పసుపు, వైరుకు తగలాల్సిన లోపలి రేకుల్ని కప్పేసింది.

ఖాజామియా గుమ్మం దాకా వచ్చి విన్నాడు. "నయం సారూ, కొబ్బరికాయ గూడ గండ్లనే కొట్టలే," అన్నాడు.

"బయట గూసోవయ్యా, నీ పనే అయితుంది," అన్నారు రాజేశం గారు.

కరెంటు తీసి, స్పిరిట్‌లో ముంచిన మెత్తని బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. సాకెట్ లోపలి రేకులు సన్నవి, గట్టిగా రుద్దితే వంగిపోతాయి. కాబట్టి ఖాజామియా వాచీ ఎన్నిసార్లు చూసుకున్నా తొందరపడలేదు. స్పిరిట్ ఆరాక కరెంటు ఇచ్చాను. తెర మీద అక్షరాలు దొర్లాయి. ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత సెట్టింగుల నకలు ఎక్కించి, ఈసారి భద్రపరిచాను. లైను వచ్చింది.

కార్యాలయం మూసేలోపు పత్రం వచ్చింది. షబానా దాన్ని అక్కడి కంప్యూటరు నుంచే దరఖాస్తుకు జతచేసి, అందినట్టు సందేశం వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ కుర్చీ రాజేశం గారిది. ఆయన నిలబడే ఉన్నారు.

ఆ పని నాకు రెండు సంగతులు నేర్పింది. తెర పలకనప్పుడు సెట్టింగులు మార్చే ముందు టార్చి వేసి చూడాలి. రెండోది, ఖాళీగా కనిపించే రంధ్రాన్ని ఎవరో ఒకరు భక్తిగానో బాధ్యతగానో నింపుతారు, కాబట్టి దానికి మూత మనమే పెట్టాలి. మా పరిధిలోని కన్సోల్ పోర్టులన్నిటికీ రబ్బరు మూతలు తెప్పించాను. ఎందుకని పైవారు వివరణ అడిగితే, ధూళి అని రాశాను.