మాల్దీవుల్లో మడిచిన ప్యాంటు

నీళ్ల లోతు చూడగానే చెప్పగలననుకోవడమే నా తెలివితక్కువతనం. మొయినాబాద్ దగ్గర వ్యవసాయం చేసుకునేవాణ్ణి. అడుగు కనిపిస్తే మోకాళ్ల లోతేనని మా వాగు నాకు నేర్పింది. ఈత మాత్రం నేర్పలేదు.

సాఫ్ట్‌వేర్ కొలువులు జోరుగా ఉన్న రోజులవి. అందులో చేరిన మా బామ్మర్ది శీను మా ఆలుమగలను మాల్దీవులకు తీసుకెళ్లాడు. పడక గదులున్న పెద్ద పడవనే కిరాయికి మాట్లాడాడు. ఒక దీవి పక్కన పడవ ఆగితే, కింద ఇసుక, చేపలు అద్దంలోలా కనిపించాయి.

“బావా, ఆగు! లైఫ్ జాకెట్ ఏసుకో,” అన్నాడు శీను.

“గీ నీళ్లకు జాకెట్ ఎందుకురా?” అని ప్యాంటు మడిచి, చెప్పులు చేతపట్టుకుని, నిచ్చెన మీంచి అడుగేశాను.

కాలికి నేల తగల్లేదు. తల మునిగింది. ఉప్పునీళ్లు మింగుతూ ఇక అయిపోయిందనుకున్నాను.

“తమ్మీ, మీ బావ మునుగుతున్నడు!” అని నా భార్య అరిచింది. శీను దూకి జుట్టు పట్టుకుని లాగాడు. ప్రాణం వదిలేవాణ్ణేమో గానీ చెప్పులు వదల్లేదు.

ఆ ముచ్చట శీను చుట్టాలందరికీ నటించి మరీ చూపించాడు. వానాకాలంలో మా పొలానికొచ్చి, ఫొటో కోసం కొత్త బూట్లతో నాటు మడిలో దిగి, బురదలో ఇరుక్కున్నాడు.

“బావా, జర గుంజు!”

నా ప్రాణం కాపాడినవాడు కదా, ఊరికే వదిలేస్తానా? మడిలోకే చాయ్ తెచ్చి వాడి చేతికిచ్చాను. గట్టు మీద కూర్చుని, నా చాయ్ నిదానంగా తాగాకే గుంజాను.