ఒద్దన్న రోజున గారెలు

ఎవరైనా కాదన్నా, ఒద్దన్నా, పొమ్మన్నా నీలకంఠం ఇంట్లో గారెలు వండించేవాడు. లోకంలో అందరూ అవునన్న రోజున నోరు తీపి చేసుకుంటారు. ఆయన మాత్రం తనని ఒద్దన్న రోజున మూకుడు ఎక్కించేవాడు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో మినప్పిండి వేగే వాసన వస్తే పండగో, తద్దినమో అని ఎవరూ అనుకునేవారు కాదు. "నీలకంఠాన్ని మళ్ళీ ఎవులో కాదన్నారు" అనుకుని గిన్నెలు పట్టుకుని బయల్దేరేవారు.

టాటానగర్ యార్డులో ఆయన వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. సెలవడిగితే ఇవ్వలేదా, గారెలు. పెద్ద క్వార్టరు అడిగితే లేదన్నారా, గారెలు. ప్రమోషను కోసం రాసిన ట్రేడ్ టెస్టు తప్పిన రోజున గారెలతో పాటు అల్లప్పచ్చడి కూడా. భార్య కాంతం ఈ తంతుకి ఎంత అలవాటు పడిపోయిందంటే, ఆయన ఏదైనా అడగడానికి బయల్దేరి చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపలే పప్పు నానబోసేది.

"అదేటే, ఎల్లకముందే నానబోసేత్తన్నావు? ఆలు ఔనంటేనో?"

"అంటారు, అంటారు! నీ మొకం సూసి ఔనన్నది నానొక్కదాన్నే మావా. అదీ రెండోసారికి."

ఈ అలవాటు పెట్టింది ఆయన తల్లి జోగమ్మ. కుర్రతనంలో ఆయన రైల్వేలో ఖలాసీ పనికి వెళ్తే, ఛాతీకి టేపు చుట్టి చూసి చాలదని పంపేశారు. నీలకంఠం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. జోగమ్మ ఏమయిందని అడగలేదు. ఇడ్లీకి నానబోసిన పప్పు రోట్లో వేసి గారెలకి రుబ్బేసింది. వేడి గారె ఒకటి తెచ్చి కొడుకు ముక్కు దగ్గర పెట్టింది.

"ఏటమ్మా, నన్ను గెంటేసినందుకు పండగేటి?"

"ఆలు ఒద్దన్నారు. మన పొయ్యి ఒద్దన్నాదేట్రా? తిను. తిని మళ్ళీ ఎల్లు."

తిన్నాడు, మళ్ళీ వెళ్ళాడు. గారెల బలమో, టేపు పట్టినవాడే మారాడో గాని ఈసారి కొలత సరిపోయింది.

ఇక కాంతం సంగతి. పెళ్ళిచూపుల్లో ఆమె తలుపు చాటునుంచి చూసి, "ఓలమ్మ, ఆ సెవులేటి సాటల్లాగ! నానొల్లను" అనేసింది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నీలకంఠం, చేతిలో టిఫిను క్యారేజీ! కాంతం తండ్రి కంగారుపడ్డాడు.

"బాబూ, మా పిల్ల ఒద్దన్నాది. నీకు కబురందనేదా?"

"అందింది మావా. అందుకే తెచ్చినాను. వేడిగున్నాయి, తినండి."

కాంతం ఒకటి తింది. ఇంకొకటి తింది. మూడోది నములుతూ ఆ చెవులవైపు మరోసారి చూసింది. మరీ అంత చాటల్లా ఏమీ లేవనిపించింది.

నీలకంఠాన్ని ఏటేటా క్రమం తప్పకుండా కాదన్నది మాత్రం కాలనీ నాటక సమాజం. దసరా నాటకానికి వేషగాళ్ళను ఎంచుకునే రోజున, సెక్రటరీ గణపతిరావు ఊళ్ళో ఇంకో మూలనున్న అగ్రికో నుంచి సైకిలు క్యారియర్ మీద హార్మోనియం కట్టుకుని వచ్చేవాడు. ఒక్కొక్కరూ నిలబడి పద్యం పాడాలి. నీలకంఠం పద్యం ఎత్తుకున్నాడంటే, బ్రేకు పట్టేసిన గూడ్సుబండిని ఈడ్చుకుపోతున్నట్టు ఉండేదని చూసొచ్చినవాళ్ళు చెప్పేవారు. ఆ వేళకి కాంతం ఇంట్లో రుబ్బురోలు ముందుండేది కనక ఎప్పుడూ వినలేదు. విన్నవాళ్ళ మాట నమ్మకా తప్పలేదు, నమ్మబుద్ధీ కాలేదు. ఎందుకంటే ఇంట్లో బొగ్గులపొయ్యి విసురుతూ ఆయన అదే పద్యం తీస్తే, ఆమె కూర కలపడం మరిచిపోయి నిలబడిపోయేది. పాపం, నలుగుర్ని చూస్తే గొంతు పట్టేస్తుందేమో అనుకునేది.

ఒక ఏడు ఎంపిక రోజున ఆయనకి డ్యూటీ పడి వెళ్ళలేకపోయాడు. ఆ ఏడే పక్క క్వార్టరు గార్డుగారి అమ్మాయి పద్మకుమారి మొదటిసారి పాడటానికి వెళ్ళింది. బాగా పాడే ఒకాయన తరవాత ఆమె వంతు వచ్చింది. పద్యం సగంలో గొంతు చీలిపోయింది. బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు. అంతకుముందు కుళాయి దగ్గర బిందె నిండేలోపల ఒక కీర్తన పూర్తిచేసే పిల్ల, ఏడాదిపాటు బిందె చప్పుడు తప్ప ఏదీ వినిపించనివ్వలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. నీలకంఠం వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మీ, పద. పాడుదువుగాని."

"నై హోగా మావయ్యా. ముఝ్‌సే నై హోగా."

"అవుద్దో అవ్వదో ఆలు సెప్తారు, నువ్వెందుకు సెప్పడం? ఒద్దంటే గారెలున్నాయి. నా ఎనకాలే నిలబడు, సాలు."

పద్మకుమారి చాలాసేపు గోరు కొరుక్కుంది. చివరికి, "అత్త కూడా వస్తే వస్తాను" అంది. అందుకని ఆ ఏడు కాంతం పిండి పొద్దున్నే రుబ్బి మూతపెట్టి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

సమాజం హాల్లో నీలకంఠం లేచి గొంతు సవరించుకునేసరికి గణపతిరావు చెయ్యెత్తి ఆపాడు. మంత్రి వేషం వేసేవాడికి చక్రధర్‌పూర్ బదిలీ అయిపోయింది, మనుషులు చాలడం లేదు.

"నీలకంఠం గారూ, మంత్రి వేషం మీకే. ఇక కూర్చోండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నీలకంఠం మొహం మాత్రం కందగడ్డయింది.

"అదేటండీ! పాడకుండానే ఇచ్చేత్తారేటి?"

"మంత్రికి పద్యాలు లేవు. పాడరనే ధైర్యంతోనే ఇస్తున్నాం."

నీలకంఠం వెనక్కి చూశాడు. పద్మకుమారి పెదవులు తెల్లబడ్డాయి. ఒక కాలు అప్పటికే గుమ్మంవైపు తిరిగింది.

"కుదరదండి! నా పద్యం ఇనాల్సిందే!"

ఎత్తుకున్నాడు. కాంతం పెళ్ళయినప్పటినుంచీ అలాంటి చప్పుడు వినలేదు. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. హార్మోనియం ఎక్కడ కలుపుకోవాలో తెలియక గణపతిరావు వేళ్ళు గాలిలో ఆగిపోయాయి. బెంచీల మీద జనం పొట్టలు పట్టుకున్నారు. పద్మకుమారి పైట చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది.

"ఒద్దు నాయనా, ఒద్దు! మంత్రీ లేదు, గింత్రీ లేదు! దండం పెడతాను, కూర్చోండి!"

"సంతోషం," అన్నాడు నీలకంఠం, బిరుదు పుచ్చుకున్నవాడిలా.

ఆ నవ్వు ఆరకముందే పద్మకుమారిని పిలిచారు. భయపడటానికి వ్యవధి లేకపోయింది. ఆ గూడ్సుబండి తరవాత తను ఎలా పాడినా పాటేనని తెలిసిపోయింది. పద్యం మొదటినుంచి చివరిదాకా చీలకుండా పాడేసింది.

కాంతం మాత్రం ఆ పిల్ల పద్యం సగమే వింది, మనసు మొగుడి కూతల మీదే ఉంది. మొగుడి గొంతుకేమీ పట్టెయ్యదని ఆమెకి అప్పుడు అర్థమైంది. ముందెన్నడో కాలనీలో నత్తి అప్పన్న మొదటిసారి పాడినప్పుడు, అతనికి ముందు నిలబడి పాడింది ఈయన కాదూ? ఇవాళ రాజు వేషాలన్నీ ఆ అప్పన్నవే. నిరుడు ఈయన రాలేదు, ఈ పిల్ల గొంతు చీలింది.

గణపతిరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గొంతు చక్కగా ఉందమ్మా. కాని నాయిక పద్యాలు పెద్దవి, ఊపిరి ఇంకా చాలదు. ఈసారికి ఇవ్వలేను."

కాంతం ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పద్మకుమారి గణపతిరావుకి నమస్కారం పెట్టింది. "సరేనండీ. వచ్చే ఏడు ఊపిరి తెచ్చుకుని వస్తాను," అంది. తరవాత కాంతం వైపు తిరిగింది. "అత్తా, పిండి ఇద్దరికి సరిపోతుందా?"

దారిలో కాంతం మొగుణ్ణి నిలదీసింది. "ఇంటికాడ కోయిల్లాగ పాడతావు. అక్కడ ఆ కూతలేటి మావా?"

"పొయ్యి కాడ పాడినట్టు అక్కడ పాడితే, నా ఎనకాల నిలబడ్డోలి గతేటే?" అన్నాడాయన గొంతు తగ్గించి. "నువ్వు నోరు జారకు."

ఆ సాయంత్రం పద్మకుమారి తడిగుడ్డ మీద మొదటి గారె తట్టింది. నీలకంఠం వంగి చూశాడు.

"సిల్లేదే? సిల్లు పడకపోతే పైన ఎర్రగుంటాది, లోన పచ్చిగుంటాది."

ఆమె వేలితో చిల్లు పొడిచి, "ఇది గణపతిరావు గారిది," అంది. గారె మూకుట్లో బుస్సుమంది.

మరుసటి ఏడు నాయిక వేషం పద్మకుమారికే ఇచ్చారు. గారెలు మాత్రం తప్పలేదు, నీలకంఠాన్ని ఎలాగూ ఒద్దన్నారు కదా.

అప్పటినుంచి ఆయన పొయ్యి విసురుతూ పద్యం ఎత్తుకోగానే కాంతం లేచి వీధివైపు కిటికీ మూసేసేది. ఆ గొంతు గణపతిరావు చెవిన పడితే వేషం ఇచ్చేస్తాడు, కొంప మునుగుతుంది. ఆయన పోయాక కూడా, కాలనీలో ఎవరిని ఎవరు కాదన్నా కాంతం మూకుడు ఎక్కించేది. అలవాటు కొద్దీ ముందు వెళ్ళి కిటికీ మూసేది. మూసి, గుర్తొచ్చి, తనలో తను నవ్వుకుని మళ్ళీ బార్లా తెరిచేది. వాసన నాలుగిళ్ళకీ వెళ్ళాలి కదా.