మా గోడకు ఎడారి రంగు

మొన్న మా పక్కింటావిడ ఒక రంగుల పుస్తకం పట్టుకుని వచ్చి, హాల్లో ఒక్క గోడకి మాత్రం డిజైనర్ పెయింట్ వేయిద్దామనుకుంటున్నామండీ, మామూలు రంగుకి నాలుగింతలు చెబుతున్నారు, అంత పెట్టొచ్చంటారా అని అడిగింది. అడగడమైతే అడిగింది గానీ, మనసులో గోడకి రంగు పడిపోయి ఆరిపోయిందని కూడా ఆ పేజీ మీద వేలు ఆనించిన తీరులోనే తెలిసింది. దండగమ్మా అన్నాను. ఎందుకని అడక్కుండా కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఆవిడ అడగలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా ఈడువాళ్ళై ఉండి, ఎప్పుడైనా సున్నం గోడకి ఆనుకుని వీపు తెల్లగా చేసుకున్నవాళ్ళైతే సగం మీకు చెప్పకుండానే అర్థమవుతుంది.

మా ఇల్లు ఏలూరులో కొల్లేరు వైపు కొసన, పల్లంలో ఉంది. మా మామగారు ఎంత మెరక చేయించి కట్టించినా, వానాకాలం వచ్చిందంటే గోడల్లో చెమ్మ అడుగునుంచి మోకాలెత్తు దాకా ఎగబాకుతుంది. అది కట్టినవాళ్ళ తప్పు కాదు, ఆ నేల గుణం. ఆ గుణం ఎరిగిన మనిషి మా అత్తగారు. నాకూ ఆవిడకీ పడేది కాదు, ఆ మాట దాచడం దేనికి. పులుసులో బెల్లం దగ్గర్నించి మా అమ్మాయి జడ దాకా దేనిమీదైనా గంటసేపు వాదించుకోగల సమర్థులం ఇద్దరమూ. అయితే క్రిస్మస్ ముందు పది రోజులు మాత్రం నేను నోరు మూసుకుని ఆవిడ చెప్పినట్టు వినేదాన్ని, ఎందుకంటే ఆ పది రోజులూ ఇల్లు ఆవిడది. వానలు వెనకపట్టగానే గుల్ల సున్నం తెప్పించి, పెరట్లో పెద్ద మట్టి కాగులో వేసి నీళ్ళు పోస్తే అది కుతకుతమని ఉడికేది. మూడు రోజులు నాననిచ్చి, పాత నేత చీరలో వడకట్టి, జిగురూ నీలిమందూ కలిపి, తాటిపీచు కుంచెతో ఆవిడే కొంగు బిగించి వేసేది. కూలివాళ్ళని పెడదామంటే, వాళ్ళకి మన గోడ ఎక్కడ ఎంత తాగుతుందో ఏం తెలుసే అమ్మాయ్, అనేది. నీలిమందు ఆవిడ చేతికి ఎప్పుడూ ఒక పాలు ఎక్కువే పడేది. అందుకని మా ఇంటి తెలుపు వీధిలో మిగతా ఇళ్ళ తెలుపులా ఉండేది కాదు, కాస్త నీలంగా, ఉతికి గంజిపెట్టిన పంచెలా ఉండేది.

ఆ సున్నానికి ఒక్కటే అవలక్షణం, అంటుకుంటుంది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఒక క్రిస్మస్‌కి మా చెల్లెలు తాడేపల్లిగూడెం నుంచి ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చి, మా హాల్లో హాయిగా గోడకి చేరబడి కబుర్లు చెప్పి, లేచేసరికి వీపంతా ముగ్గుపిండి అద్దినట్టయింది. అప్పుడేమీ అనలేదు. దాచుకుంది. సంక్రాంతి సెలవులయ్యాక వాళ్ళింటికి వెళితే, మా మరిది, రైసు మిల్లులో మేనేజరు, హాల్లో ఒక గోడకి కొత్తగా వేయించిన మెరుపు రంగు చూపించాడు. నలుగురు బంధువులు కూర్చుని ఉండగా మా చెల్లెలు, ఆనుకో అక్కా, పరవాలేదు, మా గోడ మీ గోడలా చీరలకి అంటుకోదులే, అంది. నలుగురూ నవ్వారు. మా వారు కూడా నవ్వారు.

ఇక్కడే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తిరుగు బస్సులో భీమడోలు దాటేదాకా ఆయన్ని సాధించాను. అంత మాట అంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదే, తోడల్లుడి గోడ చూసైనా సిగ్గు రాదా అన్నాను. అది కోపంలో అన్న మాట, గోడ మీద కోపం కూడా కాదు, చెల్లెలి మీద. ఆయన కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్నారు. మగవాళ్ళు మనం చెప్పిన మంచి ఒక్కటీ చెవిన పెట్టరు గానీ, నోరుజారి అన్నది మాత్రం పదిలంగా దాచుకుంటారు. ఆ నవంబరులో వానలు తగ్గి, అత్తగారు కాగు కడుక్కుంటూ ఉండగా, మా వారు తాడేపల్లిగూడెం నుంచి పెయింటరుని వెంటబెట్టుకుని దిగారు.

ఆ పెయింటరు చేతిలో రంగుల పుస్తకం, జేబులో పెన్ను, నోట్లో ఇంగ్లీషు. మా వారు ఎంచిన రంగు పేరు డెజర్ట్ సన్‌సెట్. కొల్లేటి ఒడ్డున బురదలో ఉన్న ఇంటికి ఎడారి పేరున్న రంగేమిటని ఆ మహానుభావులిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఈ గోడ చెమర్చుతుందండీ, దానికి ఊపిరాడాలి అని నేనంటే, ఇది వాటర్‌ప్రూఫ్ మేడమ్, బకెట్టు నీళ్ళు కొట్టినా జారిపోతాయండీ, అన్నాడు. బకెట్టుతో కొట్టేవాళ్ళు మా ఇంట్లో లేరు బాబూ, మా గోడకి నీళ్ళు లోపల్నించి వస్తాయి, అన్నాను. అప్పుడు మా అత్తగారు, నేను పెళ్ళయి వచ్చిన అన్నేళ్ళలో మొదటిసారి, అమ్మాయి చెప్పింది నిజం రా, అంది కొడుకుతో. ఆయన ఆవిడ మాటా వినలేదు. ఇకమీదట నీకు ఈ చాకిరీ లేదమ్మా, హాయిగా కూర్చో, అన్నారు ప్రేమగానే. హాయిగా కూర్చోమన్న మాట విని ఆవిడ ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. ఆ కాగుని తనే దొర్లించుకుంటూ తీసుకెళ్ళి జామచెట్టు కింద బోర్లించింది.

గోడలు గీకి, పుట్టీ పెట్టి, దువ్వెనతో దువ్వినట్టు గీతలు తీసి, మూడు కోటింగులు వేశారు. ఆ క్రిస్మస్‌కి వచ్చినవాళ్ళందరూ ఆహా అన్నారు, మా చెల్లెలు మాత్రం మాది ఇంకా మెరుస్తుందిలే అంది. అయితే గోడకి ఎవరూ ఆనుకోకూడదట, తల నూనె మరక పడుతుందట. మేకు కొట్టకూడదట, పెచ్చు లేస్తుందట. మా మామగారి ఫోటో బీరువా మీదికీ, చర్చి క్యాలెండరు వంటింటి తలుపు వెనక్కీ వెళ్ళిపోయాయి. అత్తగారు అలవాటుగా గోడవైపు చేరబోయి, గుర్తొచ్చి, గది మధ్యలో పీట వేసుకుని రైల్వే స్టేషన్లో కూర్చున్నట్టు కూర్చుంది.

ఆషాఢం వచ్చింది. మొదట బీరువా వెనకాల బొబ్బ ఒకటి లేచింది, మా అమ్మాయి వేలితో నొక్కితే నీళ్ళు కారాయి. శ్రావణం నాటికి హాలంతా బొబ్బలు, వాటి కింద ఉప్పు పూత. ఎడారి సూర్యాస్తమయం అరచేయంత పెచ్చులై, కాచిన పాల మీద మీగడ లేచినట్టు లేచి రాలింది. పెయింటరుని పిలిస్తే చూసి, లోపం రంగుది కాదండీ, మీ గోడదండీ, అన్నాడు. అదే కదయ్యా నేను మొదట్నించీ చెప్పింది అంటే, రంగుల పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దిగాడు.

మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి మా వారే కాగు తిరగేసి, సున్నం తెప్పించి, అమ్మా వేసెయ్, అన్నారు. ఆవిడ వేసింది. సగం దూరం వేసి చెయ్యి ఆనించి చూసి, పట్టట్లేదురా, నూనె తాగిన గోడ ఇక సున్నం తాగదు, అని కుంచె కింద పెట్టేసింది. అందులో నిష్ఠూరం లేదు, ఏడ్పు లేదు. ఆ తరవాత ఆవిడ ఆరేళ్ళు బతికింది గానీ, ఆ పది రోజులు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు, నాకు మాట వినవలసిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు ఏడాదికోసారి ఆ గోడ గీకిస్తాం, ఏదో ఒక డబ్బా రంగు కొట్టిస్తాం, వానలకి అది మళ్ళీ లేస్తుంది. నాకు దిగులు ఆ గోడ గురించి కాదు. ఆ రోజుల్లో క్రిస్మస్ సాయంత్రం చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంటే, ముందు వరసల్లో కోటుల మీదా చీరల మీదా భుజం దగ్గర తెల్లటి మచ్చలు కనిపించేవి, అందులో కాస్త నీలంగా ఉన్న మచ్చ ఎవరి వీపు మీద ఉంటే వాళ్ళు ఆ పగలు మా ఇంట్లో కూర్చుని మా అరిసెలు తిని వెళ్ళినవాళ్ళు. అత్తగారు ఆ నీలం మచ్చలు లెక్కపెట్టుకుని, నా చెవిలో పదకొండు అనో పద్నాలుగనో చెప్పి, ప్రార్థనకి కళ్ళు మూసుకునేది. ఇప్పుడు అందరి చీరలూ శుభ్రంగా ఉంటున్నాయి. ఎవరు ఎవరింటికి వెళ్ళారో, అసలు వెళ్ళారో లేదో, ఏ వీపూ చెప్పదు.