ఇల్లందు బస్టాండులో ఇనుప ఆడవాళ్లు

నా బొమ్మలను ముట్టుకోవాలి. దూరం నుంచి దండం పెట్టి వెళ్లిపోతే నాకు ఒళ్లు మండుతుంది.

ఇల్లందు బస్టాండు ఆవరణలో ఈ చివర ఒకామె, ఆ చివర ఒకామె కూర్చుని ఉంటారు. గనుల్లోంచి తీసేసిన పాత ఇనుప గొట్టాలతో వాళ్లను నేనే చేశాను. ఇద్దరూ నోటి దగ్గర దోసిలి పట్టి ఉంటారు. భూమిలోంచి ఒక గొట్టం ఆ దోసిళ్లను కలుపుతుంది. ఇక్కడ మాట్లాడితే అక్కడ, అక్కడ మాట్లాడితే ఇక్కడ వినిపిస్తుంది. బస్సు కోసం విసుగ్గా కూర్చునేవాళ్లు ఒకరినొకరు పలకరించుకోవాలని నా ఆశ.

నా పంతం కూడా. నా చిన్నప్పుడే నాన్న కృష్ణా జిల్లాలో పొలం అమ్ముకుని వచ్చి, జూలూరుపాడు దగ్గర మిరప వేశాడు. బళ్లో నన్ను ‘ఆంధ్రోళ్ల పిల్ల’ అనేవాళ్లు. హైదరాబాదులో శిల్పం నేర్చుకుని తిరిగొచ్చినా అదే పేరు. ఇక్కడి జనం చేతులు పడీపడీ నునుపెక్కే వస్తువొకటి చేసి తీరాలనుకున్నాను.

ప్రారంభం నాడు మా అమ్మ వచ్చింది. బోరు వేసినా, ట్రాక్టరు కొన్నా కొబ్బరికాయ కొట్టందే ఆవిడకు తోచదు. నేను అటు తిరిగి వచ్చేసరికి ఇనుప ఆడవాళ్లిద్దరికీ పసుపు పూసి, బొట్లు పెట్టి, కాయ కొట్టేసింది. ఇంకేముంది, మర్నాటికల్లా అగరొత్తులు వెలిగాయి. చెప్పులు విడిచి మొక్కేవాళ్లే తప్ప ముట్టుకునేవాళ్లు లేరు. దోసిళ్ల నిండా బంతిపూలు కుక్కారు.

“నీ బొట్టుతో నా ఏడాది కష్టం మట్టిపాలైందమ్మా” అన్నాను.

“శుభమా అని బొట్టు పెడితే అంత కోపమేమిటే? నలుగురూ దండం పెడుతుంటే సంతోషించక” అంది అమ్మ.

రోజూ వెళ్లి పూలు తీసేదాన్ని. ఇది దేవత కాదు, ఇందులో మాట్లాడవచ్చని కనబడ్డవాళ్లందరికీ చెప్పేదాన్ని. “పూలు తీస్తే పాపం తగుల్తది మేడం” అని ఒక ఆటో అతను నన్నే మందలించాడు.

ఒక మధ్యాహ్నం రెండు దోసిళ్లూ ఖాళీ చేసి ఈ చివర కూలబడ్డాను. దోసిట్లోంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

“అమ్మా, మణుగూరు దవాఖానాల నా మనుమరాలికి ఆపరేషన్ అయితాంది. బస్సు ఇంకా రాలే. నాకు బుగులైతాంది.”

లేచి చూశాను. ఆ చివర ఒక అవ్వ చేతిసంచి పట్టుకుని, బొమ్మ దోసిట్లోకి వంగి ఉంది. అమ్మవారిలా పలకడం మోసం. ఊరుకోవడానికీ మనసొప్పలేదు. ఇనుప దోసిట్లో నోరు పెట్టి చెప్పాను.

“అవ్వా, నేను దేవతను కాను. ఇటు పక్క కూర్చున్న మామూలు మనిషిని.”

ఆమె కూడా దండం పెట్టి వెళ్లిపోతుందని భయపడ్డాను.

“అవ్ బిడ్డా, ఎరుకే. పూలు తీసుకుంట అటు పోతివి, చూసిన. ఇందుల మాట్లాడొచ్చని నువ్వు చెప్తుంటె విన్న. దేవునికి పొద్దుగాలనే చెప్పుకున్న. ఆయన పలకడు గద. గీడ ఎవరన్న పలుకుతరేమోనని వచ్చిన.”

నా పనిని మెచ్చుకుంటూ పెద్దపెద్దవాళ్లు చెప్పిన మాటలేవీ దీనికి సాటి రావు. ఆ రోజు కలిగినంత గర్వం నాకెన్నడూ కలగలేదు.

“చెప్పవ్వా, మనుమరాలి పేరేంటి?” అన్నాను. బస్సు వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది.