బల్ల నాలుగో కాలు

మా ఇంటి సామానంతా చేసిన వడ్రంగి, వడ్ల తాత, పోయాడని ఆయన కొడుకు సైకిల్ మీద వచ్చి చెప్పి నెల దాటింది. "బాపు పోయిండమ్మా. పొద్దుగాల చాయ తాగిండు, జర ఒరుగుత అన్నడు, గంతే," అన్నాడు గుమ్మంలో నిలబడి. కూర్చోమని కుర్చీ జరిపాను. అది తాత చేసిన కుర్చీయే. అతను కూర్చోలేదు. దాని మీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. దాంతోపాటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, గుండెల మీంచి ఒక బరువు కూడా దిగింది. ఇక తాతకు బల్ల సంగతి తెలిసే ప్రమాదం లేదనుకున్నాను. అంత మంచి మనిషి పోతే నాకు ముందు గుర్తొచ్చింది నా పరువు! ఆ బల్ల సంగతి దాచిపెట్టి తాత గురించి నాలుగు మంచి మాటలు రాయడం నా వల్ల కాదు.

మేం కరీంనగర్‌లో ఆ పాత దేవిడీ పై అంతస్తులో అద్దెకు దిగినప్పుడు మా సామాను రెండు ట్రంకు పెట్టెలు, ఒక చాప. నిజాం కాలంలో ఎవరో జాగీర్దారు కట్టించిన ఇల్లు అది. మూరెడు మందం గోడలు, కమాను కిటికీలు, డంగు సున్నం నేల. దర్జాకేం తక్కువ లేదు కాని ఆ నేల మాత్రం ఎక్కడా సమంగా ఉండేది కాదు. గోళీ వదిలితే తనంతట తానే గది దాటి మెట్ల దాకా పోయేది. బజారులో నాలుగు రేకు కుర్చీలు తెచ్చి పడేద్దామన్నారు మావారు. అంత ఇంట్లో రేకు కుర్చీలేమిటని ఇల్లుగలావిడ వడ్ల తాతను పంపింది.

ఆయన వచ్చి కొలతలేమీ తీసుకోలేదు. చెవి మీద పెన్సిల్, ఒళ్లో పనిముట్ల సంచి పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గది మూలన కూర్చున్నాడు. నేను బడి నుంచి వచ్చి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకోవడం మొదలుపెట్టినా కదల్లేదు. నాకు ఒళ్లు మండింది.

"ఏం చూస్తున్నావు తాతా?"

"నువ్వు ఏడ కూసుంటవో, కిటికీ ఎలుగు ఏడ వడ్తదో సూస్తున్న బిడ్డా. సామాను నువ్వున్న కాడికి రావాలె. నువ్వు దాని సుట్టు తిరుగొద్దు."

ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున సామాను వచ్చింది. ఆదిలాబాద్ అడవి టేకు. కట్టె బాగా ఆరితే తప్ప ఉలి పెట్టేవాడు కాదు. మొదట మంచం, మరుసటేడు పుస్తకాల అల్మారా, ఆ పై ఏడు కిటికీ పక్కన బల్ల, దానికి రెండు కుర్చీలు. అప్పటిదాకా మా చుట్టాలందరూ చాప మీదే కూర్చున్నారు. ఎక్కడా ఇనప మేకు లేదు, అన్నీ కట్టె చీలలే. బిగించే ముందు కట్టెను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. బల్ల మీద వేడి గిన్నె పెట్టానో, కేకలే. టీ ఇస్తే మాత్రం సాసరు పట్టుకుని కింద కూర్చునేవాడు. నువ్వు చేసిన కుర్చీయే కదా, కూర్చోరాదా అంటే తల ఊపేవాడు.

"అండ్ల కూసుంటే నాకు నా తప్పులే కనవడ్తయి బిడ్డా."

నాకైతే ఏ తప్పూ కనిపించేది కాదు. కనిపించిందల్లా ఆ చెక్కముక్కలే. కిటికీ వైపు ఒక కాలి కింద నేల బొటనవేలి మందాన ఉబ్బి ఉండేది. బల్ల ఊగకుండా తాత మిగిలిన మూడు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టాడు. చీపురు తగిలితే అవి జరిగిపోయేవి. ఆ ఒక్క కాలూ కాస్త కొయ్యరాదా అని అడిగాను. తాతకు నిజంగా కోపం రావడం ఆ ఒక్కసారే చూశాను.

"ఇల్లు నీది గాదు బిడ్డా, బల్ల నీది. ఇల్లు వంకరుంటే బల్లకు వంకరెందుకు పెట్టాలె? రేపు ఇంకో ఇంటికి పోతే ఏం జేస్తవ్?"

ఒకరోజు చెక్కముక్క జరిగి, బల్ల ఊగి, సిరాబుడ్డి ముప్ఫై పరీక్ష కాగితాల మీద ఒలికింది. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక ఆ సాయంత్రమంతా తల పట్టుకున్నాను. మర్నాడు మంచాలు బాగుచేసే ఒకతన్ని వీధిలోంచి పిలిచి ఉబ్బు మీదున్న ఆ కాలు కోయించాను. అయిదు నిమిషాల పని. తెగిన ముక్కను పొయ్యిలో వేసి టీ కూడా కాచుకున్నాను. బల్ల కదల్లేదు. నా మనసే ఊగడం మొదలుపెట్టింది.

తాత ఏటా వానలకు ముందు వచ్చి సామానుకు అవిసె నూనె పట్టించేవాడు. ఆయన వచ్చే లోపల నేలకు జీరాడే బల్లగుడ్డ ఒకటి కుట్టి పరిచాను.

"బల్లకు చీర కట్టినవేంది బిడ్డా?" అంటూ గుడ్డ అంచు ఎత్తాడు. చెక్కముక్కలు లేవు. ఆయన అడక్కముందే "నేల సాపు చేయించాం తాతా," అనేశాను. బళ్లో ముప్ఫైమంది ఆడపిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పి వచ్చిన రోజే అది.

తాత నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "మంచిగ చేయించినవ్," అన్నాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. జర చాయ పెట్టమన్నాడు. వంటింట్లో ఉండగా రెండు మూడు దెబ్బలు వినిపించాయి. వచ్చి చూస్తే బల్ల కింది నుంచి పాకుతూ బయటికొస్తున్నాడు.

"ఏమైంది తాతా?"

"చీల వదులైంది. బిగించిన."

తర్వాత ఆరేళ్లు ఆయన వచ్చినప్పుడల్లా నేను బల్ల ముందు నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన నూనె పట్టించి, సాసరులో టీ తాగి వెళ్లేవాడు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో ఆ మాట! చెప్పలేదు.

తాత పోయిన పదిహేను రోజులకు మేం దేవిడీ ఖాళీ చేశాం. పైకప్పు దూలాలు పుచ్చిపోయాయి. మావారికి సర్కారు క్వార్టరు వచ్చింది. అక్కడ సిమెంటు నేల పలకలా సమంగా ఉంది. బల్ల అక్కడ ఊగుతుందని నాకు తెలుసు. సామాను దించడానికి తాత కొడుకునే పిలవాల్సి వచ్చింది. ఇరుకు మెట్ల మీద దించడానికి అతను బల్లను తలకిందులు చేశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"అమ్మా, జర గిటు సూడు."

బల్ల అడుగున, లోపలి వైపు, బొటనవేలి మందం టేకు ముక్క ఒకటి చీలతో బిగించి ఉంది. కాలికి సరిపోయే కొలత. ఆ బల్ల చేయగా మిగిలిన కట్టెదే, అదే చార.

"నేనే కోయించాను," అన్నాను. ఆరేళ్లకు ఆ మాట బయటికొచ్చింది.

"ఎరికేనమ్మా. బాపు గా దినమే ఇంటికొచ్చి చెప్పిండు. ఇల్లు ఇడిసిన్నాడు గీ ముక్క కాలుకు ఎక్కియ్యిమన్నడు."

"కోపం రాలేదా?"

"ఏం కోపం? పంతులమ్మ నేల సాపు చేయించిందట అని ఒక్కటే నవ్వుడు."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, నవ్వాను కూడా. తాత పోయాడని విన్నప్పుడు దిగిన బరువు అసలు బరువు కాదు. ఇప్పుడు దిగింది అసలుది. నేను దొరికిపోయాను. ఆరేళ్ల కిందటే దొరికిపోయాను. అయినా ఆయన ఏటా వచ్చాడు, బిడ్డా అనే పిలిచాడు.

కొత్త ఇంట్లో కొడుకు ఆ ముక్కను కాలికి ఎక్కించాడు. బల్ల మీద నిండు గ్లాసు పెడితే నీళ్లు తొణకలేదు. ఇన్నేళ్లూ నూనె తగలక ఆ ముక్క లేత పసుపుగా ఉంది, మిగతా కాళ్లు ముదురు రంగు తిరిగాయి. రంగు కలిపి పూస్తానన్నాడు, వద్దన్నాను. బల్లగుడ్డ మడిచి ట్రంకులో పెట్టేశాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ కాలే కనిపిస్తోంది. కనిపించనీ.