కలివి పొదల్లో కూత

డెబ్బయిల్లో నేను అనంతపురంలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. సెలవు దొరికితే ఊళ్ళు తిరిగి, దెయ్యాలు లేవని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఒక కరువు ఏడాది కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్ళో, బడి అరుగు మీద సభ. పొద్దు గూకితే కలివి పొదల్లోంచి కూత వస్తుందనీ, కరువుకు చచ్చినవాళ్ళు పిలుస్తున్నారనీ ఆ ఊరి భయం. కూత లేదు, ఉన్నది భయమే అన్నాను.

ఉచ్చులు పెట్టి పిట్టలు పట్టి బతికే ముసలాయన లేచాడు.

"కూత ఉండాది సామీ. సచ్చినోళ్ళది గాదు, పిట్టది. రొమ్ము మింద రెండు పట్టీలు, పెద్ద కండ్లు. ఎగరడం తక్కువ, ఉరకడం ఎక్కువ."

అవి కలివికోడి గుర్తులు. మనిషీ ఒక జంతువేనని చూపడానికి జాతులన్నీ వరుసపెట్టి రాసి, నేను వెంట తీసుకుపోయే పటంలో, ఆ పేరు అంతరించినవాటి కింద నల్ల సిరాతో ఉంది. రాసింది నేనే.

"అది ఎప్పుడో పోయిన జాతి పెద్దాయనా. ఉందంటే పట్టి తెచ్చి చూపించు."

"ఇంగో ముంత తాగింటే నాలుగు పట్టీలు కనపడుండు మామా!" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"తెస్తా. తెచ్చినంక ఈ అరుగు మిందనే, అందరి ముందర, నా మాట నిజమని చెప్పల్ల."

"చెబుతాను."

నెలలోపే తెచ్చాడు. అప్పుడు నేను గార్లదిన్నెలో మరో సభకు పోయి ఉన్నాను. రెండు రోజులు నా గడప ముందే కూర్చున్నాడు. నేను రాగానే బుట్ట మూత తీశాడు. రెండు పట్టీలూ ఉన్నాయి. పిట్ట చచ్చిపోయి ఉంది.

"పొద్దున దాకా బతికే ఉన్నింది సామీ. దీని జోడు ఆడనే పిలుస్తాండాది. ఎప్పుడొస్తావు మా ఊరికి?"

"వస్తాను" అన్నాను. పోలేదు. కాలేజీలో పిట్టను చెడకుండా ఉంచే ఫార్మలిన్ ఉంది, సీసాలు ఉన్నాయి. కానీ సీసా మీద చీటీ రాయాలి, ఆ చీటీలో నా తప్పూ ఉంటుంది. పిట్టను పెరట్లో పూడ్చాను.

కూసేది చచ్చినవాళ్ళని ఊరు అంది. ఆ పిట్ట జాతే చచ్చిందని నేనన్నాను. బతికుందన్నది అతనొక్కడే.

ఎనభైల్లో, పక్క జిల్లాలో కలివికోడి బతికే ఉందని పత్రికలో చదివి, ఆ రోజే ముసలాయన ఊరికి బస్సెక్కాను. ముసలాయన పోయి రెండేళ్ళయిందన్నారు. అరుగు మీద నన్ను గుర్తుపట్టిన ఒక రైతు చేతులు జోడించాడు.

"నీ పుణ్యం సార్. నువ్వొచ్చి పోయినంక రెండు నెలలు ఒగటే కూసింది, ఆపైన నిలిచిపోయింది. దెయ్యం లేదంటివి, పోయింది."

కూసింది దెయ్యం కాదు, పిట్టేననీ, ముసలాయన చెప్పిందే నిజమనీ, దాని జోడును చంపించింది నేనేననీ ఆ అరుగు మీదే చెప్పాను. అతను జోడించిన చేతులు దించాడు.

"ఆ మాట ముసిలోడు ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు గదప్పా."

ఆ సాయంత్రం పొద్దు గూకేదాకా కలివి పొదల దగ్గర కూర్చున్నాను, ఒక్క కూత కోసం.